ఇంటి కార్బన్ లెక్క తేల్చి తగ్గించుకోవడం ఎలా?

మన ఇంటి వాడకం వల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోందో చూడటమే కార్బన్ లెక్క. ముందుగా, ఒక ఏడాది కరెంటు బిల్లులు ఒకచోట పెట్టుకోండి. గ్యాస్ బండ ఎప్పుడెప్పుడు వచ్చిందో ఫోన్ మెసేజుల్లో ఉంటుంది. పెట్రోలు నెలకు ఎన్ని లీటర్లో సుమారుగా రాసుకోండి.

1. లెక్క కట్టండి

మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. 14.2 కిలోల బండ మొత్తం కాలితే 42 కిలోల దాకా, లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. మా ఇంట్లో నెలకు 250 యూనిట్లు, ఒక బండ, 15 లీటర్ల పెట్రోలు. అంటే కరెంటుకే 175 కిలోలు, గ్యాస్‌కు 42, బండికి 35. పొగ కనిపించేది బండికే అయినా, అసలు బరువంతా మీటర్లో ఉంది. కొత్తగూడెంలోనో, రామగుండంలోనో, సింహాద్రిలోనో బొగ్గు కాలితేనే మన దగ్గర చాలావరకు కరెంటు వచ్చేది మరి.

ఆ కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం వందల ఏళ్లు గాల్లోనే ఉండిపోయి, భూమి బయటికి పంపాల్సిన వేడిని ఆపేస్తుంది. ఫ్యాక్టరీల కాలం రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు అది 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

2. ఫ్యాన్లు మార్చండి

పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేది) 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే నెలకు ఒక బండ కాల్చడం మానేసినంత. ఒకేసారి కొనలేకపోతే హాల్లోదీ, పడగ్గదిలోదీ ముందు మార్చండి.

3. ఏసీ గ్యాస్ సంగతి చూడండి

24కు బదులు 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే, డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు ఆదా. ఇది చాలామందికి తెలిసిందే. తెలియనిది గ్యాస్ గురించి. "ఏటా గ్యాస్ నింపించాలి మేడమ్, అయిపోద్ది" అని మెకానిక్ అంటే మేమూ మూడేళ్లు నమ్మాం. ఏసీలో గ్యాస్, బండలో గ్యాస్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 ఒక కిలో లీకైతే, వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మా ఇంటి లెక్కలో అది రెండున్నర నెలలకు పైగా!

అందుకే నింపించే ముందు రాగి పైపు జాయింట్లకు సబ్బు నురగ రాసి చూడమనండి. బుడగలు వచ్చిన చోటే లీకు. అది సరిచేశాకే గ్యాస్. ఇల్లు మారేటప్పుడు కూడా గ్యాస్ గాల్లోకి వదిలేయకుండా 'పంప్ డౌన్' చేసి ఔట్‌డోర్ యూనిట్లోకి లాగాకే విప్పమనండి. దగ్గరుండి చూసుకోండి, హడావిడిలో వదిలేస్తుంటారు.

4. వంటింట్లో

కందిపప్పు అరగంట నానబెట్టండి. కుక్కర్ విజిల్ వచ్చాక సిమ్‌లో పెట్టండి. మంట గిన్నె అంచు దాటకూడదు. గీజర్ స్నానానికి కాస్త ముందు వేసి, వెంటనే ఆపేయండి.

కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం డంపింగ్ యార్డు గుట్టల్లో గాలాడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు వేడెక్కిస్తుంది. చిల్లులు పెట్టిన బకెట్లో ఎండుటాకులతో కలిపి వేస్తే, వాసన లేకుండా రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది.

5. డాబా మీ సొంతమైతే

3 కిలోవాట్ల సోలార్ రోజుకు దాదాపు 12 యూనిట్లు ఇస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో దానికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. వాటర్ ట్యాంకు నీడ పడని చోట బిగించమనండి.

6. మళ్లీ లెక్క చూసుకోండి

ఏప్రిల్ బిల్లును పోయిన ఏడాది ఏప్రిల్ బిల్లుతోనే పోల్చండి. జనవరి బిల్లుతో పోలిస్తే చేసిందంతా వృథా అనిపిస్తుంది.