స్లైడ్లలో ఫొటోలు ఒకే చోట కుదిరిన విధం

రామప్ప గుడి శిల్పాలపై పవర్‌పాయింట్ ప్రదర్శన సిద్ధం చేస్తుండగా, ఫొటోలు ఒక్కో స్లైడ్‌లో ఒక్కో చోట పడి, స్లైడ్ మారినప్పుడల్లా ఎగిరినట్లు కనిపించేవి. వాటిని చేత్తో జరపడం వృథా శ్రమ అనిపించి, వ్యూ మెనూలో, స్లైడ్ల అమరికను ఒకేచోట నిర్ణయించే స్లైడ్ మాస్టర్‌ను తెరిచి, కొత్త లేఅవుట్‌లో (స్లైడ్ నమూనాలో) పిక్చర్ ప్లేస్‌హోల్డర్‌ను, అంటే ఫొటో కోసం కేటాయించే చట్రాన్ని గీసి, దాని కొలతలనూ స్థానాన్నీ అక్కడే స్థిరపరిచాను. ఆ లేఅవుట్‌లో చేర్చిన ఫొటోలన్నీ అదే చట్రంలో కుదురుకున్నాయి.

అయితే ప్లేస్‌హోల్డర్ తన చట్రం నిండేలా ఫొటో అంచులను కత్తిరిస్తుంది కనుక, నిలువుగా తీసిన మదనికల (స్త్రీ శిల్పాల) ఫొటోలలో తలలే మాయమయ్యాయి. శిల్పికి ఇంతకన్నా అవమానం ఉండదు! కత్తిరించిన భాగం నిజానికి చెరిగిపోదు కాబట్టి, క్రాప్ నొక్కి, చట్రాన్ని కదపకుండా లోపలి ఫొటోను కిందికి లాగగానే ముఖాలు తిరిగి కనిపించాయి. విగ్రహం పూర్తిగా కనిపించవలసిన చోట మాత్రం, పక్కల ఖాళీ మిగిలినా సరేనని, ఫొటో మొత్తాన్నీ చట్రంలో ఇమిడ్చే, క్రాప్ కిందనున్న ఫిట్‌ను వాడాను.