జానపద గాయకుడి డాక్యుమెంటరీ ప్రదర్శిస్తున్నారా? ముందు సౌండు సంగతి చూడండి

పాటలు కట్టి పాడినవాడి జీవితం మీద తీసిన సినిమాకి జనం వినడానికే వస్తారు. బొమ్మ కాస్త పాలిపోయినా సర్దుకుంటారు గానీ పాటలో మాట తెలియకపోతే కుర్చీలో కదలడం మొదలుపెడతారు. అయినా చాలాచోట్ల పొద్దంతా తెర కట్టడానికే సరిపోతుంది. స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి పది నిమిషాలు మిగులుతాయి. ఈ వరస తిరగెయ్యండి.

అనుమతి పని నెలన్నర ముందే మొదలవ్వాలి. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కుగానీ, ఓటీటీ చందాగానీ బహిరంగ ప్రదర్శనకు మామూలుగా పనికిరావు, టికెట్టు పెట్టకపోయినా సరే. నిర్మాతకో పంపిణీదారుకో రాసే మొదటి ఉత్తరంలోనే తేదీ, హాలు, సీట్ల సంఖ్య, ఎన్ని ఆటలు, టికెట్టు ఉందా లేదా అన్నవి చెప్పేయండి. అవి లేకపోతే రేటు చెప్పలేక వాళ్లు తిరిగి అడుగుతారు, వారం పోతుంది. సినిమా వేసుకోవడానికి ఇచ్చిన అనుమతి, ఆ తర్వాత వేదిక మీద ఆయన పాటలు పాడటానికి చెల్లదు. కార్యక్రమం వీడియో తీసి ఆన్‌లైన్లో పెట్టడానికీ చెల్లదు. మూడూ వేరువేరు. సొంతంగా రాసిన పాటకు హక్కుదారు ఉంటాడు. ఊళ్లలో సేకరించిన పాటకు ఉండకపోవచ్చు, కానీ దాని ఫలానా రికార్డింగుకు ఉంటాడు.

ఫైలు అడిగేటప్పుడు 1920×1080 (ఫుల్ హెచ్‌డీ), హెచ్.264 లేదా ప్రోరెస్ (వీడియో ఫైలును కుదించే పద్ధతులు), స్టీరియో మిక్స్ (సౌండు రెండు ఛానెళ్లలో) అని స్పష్టంగా రాయండి. సినిమా హాల్లో వేస్తుంటేనే డీసీపీ (థియేటర్ల ప్రొజెక్టర్లకు తయారుచేసే డిజిటల్ ప్రతి) తీసుకోండి. తాళం వేసిన డీసీపీని తెరవడానికి వచ్చే డిజిటల్ కీ, ఆ హాలు సర్వరుకు, ఇచ్చిన గంటలకు మాత్రమే పనిచేస్తుంది. అందుకని ముందురోజు పరీక్షకు కూడా కలిపి సమయం అడగాలి. పెన్‌డ్రైవు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి. ఆట మాత్రం పెన్‌డ్రైవు నుంచి వేయకండి, ల్యాప్‌టాప్ డిస్కులోకి కాపీ చేసుకోండి.

ఇక సౌండు. స్టీరియో అని ఎందుకు పట్టుబట్టాలంటే, 5.1 మిక్సులో (సౌండు ఆరు ఛానెళ్లుగా విడిపోయి ఉండేది) మాటలు ఎక్కువగా నడిమి ఛానెల్లో ఉంటాయి. కంప్యూటరు సెట్టింగు 5.1లో ఉండి, బయటికి రెండే వైర్లు వస్తుంటే ఆ నడిమి ఛానెల్ ఎక్కడికీ చేరదు. వాద్యాలు నిండుగా మోగుతుంటాయి, గాయకుడి భార్య చెప్పే మాటలు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంటాయి. అప్పుడు వాల్యూం పెంచడం తప్పు మందు. సౌండు సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ను స్టీరియోకి మార్చండి, ప్లేయరే మాటలను రెండు వైపులకూ పంచుతుంది.

వాల్యూం పెట్టడానికి సినిమాలో మూడు చోట్లు ముందే గుర్తుపెట్టుకోండి: అన్నిటికన్నా గట్టిగా మోగే పాట, అన్నిటికన్నా మెల్లగా మాట్లాడే మనిషి, గరగరలాడే పాత టేపు. మెల్లగా మాట్లాడే మనిషి ఆఖరి వరసకు వినపడేలా పెట్టి, అదే స్థాయిలో పాట చెవులు చిల్లులు పొడవడం లేదని మొదటి వరసలో కూర్చుని చూడండి. జనం నిండితే హాలు సౌండును పీల్చుకుంటుంది కాబట్టి ఆటలో ఓ 3 డెసిబెల్స్ పెంచాల్సి రావచ్చు. పాత టేపు స్పష్టంగా ఉండాలని ట్రెబుల్ పెంచితే గరగరే పెరుగుతుంది, మాట తేలదు. గోడలు బోసిగా ఉన్న హాల్లో 250 హెర్ట్జ్ చుట్టూ 3 డెసిబెల్స్ తగ్గిస్తే మాట విడివిడిగా వినపడుతుంది. 250 హెర్ట్జ్ కన్నా కింద ఉండే బరువైన ధ్వనుల్ని కోయకండి, డోలు పసలేకుండా పోతుంది.

ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టగానే గుయ్‌మంటే అది ఎర్తింగ్ లూపు. మిక్సరుకు ముందు డీఐ బాక్సు (రెండు పరికరాల ఎర్త్‌ను విడదీసి సౌండును మాత్రం పంపే చిన్న పెట్టె) పెడితే పోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయడం ప్రాణాలతో చెలగాటం. పెదవుల కన్నా మాట ముందు వస్తుంటే ప్రొజెక్టరు బొమ్మను ఆలస్యం చేస్తోందన్నమాట. విండోస్‌లో వీఎల్‌సీ ప్లేయరు వాడుతుంటే కే (K) మీట నొక్కినప్పుడల్లా సౌండు 50 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, జే (J) నొక్కితే అంతే ముందుగా వస్తుంది. దీనికి డోలు మీద కర్ర పడే షాటు చూడండి, మాటల కన్నా తేలిగ్గా తెలుస్తుంది.

బొమ్మకు రెండు లెక్కలు చాలు. ప్రొజెక్టరు త్రో రేషియో (తెర దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 అయితే 4 మీటర్ల వెడల్పు తెరకు 6 మీటర్ల దూరం కావాలి. చీకటి హాల్లో తెర చదరపు మీటరుకు సుమారు 150 ల్యూమెన్ల వెలుగు పడాలి. ఆ తెర ఎత్తు 2.25 మీటర్లైతే వైశాల్యం 9 చదరపు మీటర్లు, అంటే 1350 అవుతుంది. ప్రొజెక్టరు పెట్టె మీద రాసిన అంకె రంగులు సరిగా లేకపోయినా కళ్లు చెదిరే వెలుగిచ్చే మోడ్‌ది కాబట్టి 3000 ల్యూమెన్లు ఉన్నది తెచ్చుకోండి. పాత ఫుటేజీ 4:3లో వచ్చి పక్కల నల్ల పట్టీలు కనిపిస్తే అలాగే వదిలేయండి. తెర నిండాలని సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా అవుతారు.

సబ్‌టైటిళ్లు తెలుగులో ఉంటే ఇంకో గండం. విడిగా వచ్చే ఎస్‌ఆర్‌టీ ఫైలును (సబ్‌టైటిళ్ల మాటలు, సమయాలు మాత్రమే ఉండేది) కొన్ని ప్లేయర్లు సరిగ్గా చూపించవు. ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, లేదా డబ్బాలు కనిపిస్తాయి. బొమ్మలోనే అచ్చువేసిన ఫైలు అడగడం మేలు.

సినిమా తర్వాత పాట పెట్టుకుంటే మైకులు, స్టాండ్లు ముందే అమర్చి తెరకు అడ్డం రాకుండా పక్కకు పెట్టండి. ఆట నడుస్తున్నంతసేపూ అవన్నీ మ్యూట్‌లో ఉండాలి. ఒక్కటి తెరిచి ఉన్నా సినిమా సౌండునే పట్టి మళ్లీ స్పీకర్లకు పంపుతుంది. పాడేవాళ్లు స్పీకర్ల వెనక నిలబడాలి, ముందుకొస్తే మైకు కుయ్యిమంటుంది.

పరిచయం మూడు నాలుగు నిమిషాలు చాలు, కథంతా అక్కడే చెప్పేసేవాళ్లకు మైకు ఇవ్వకండి. గాయకుడు చనిపోయి ఉంటే, కుటుంబసభ్యులకు చివరి రోజుల దృశ్యాలు ఎక్కడ వస్తాయో ముందే చెప్పి, లేచి వెళ్లడానికి వీలుగా నడవ పక్క సీట్లు ఇవ్వండి. పేర్లు పడుతున్నప్పుడు లైట్లు వేయొద్దు. ఆఖరి పాట సాధారణంగా అక్కడే ఉంటుంది, వంత పాడినవాళ్ల పేర్లూ అక్కడే పడతాయి. లైట్ల దగ్గరుండే మనిషికి ఏ క్షణంలో వేయాలో నిమిషాలు, సెకన్లతో సహా కాగితం మీద రాసివ్వండి. ప్రశ్నలకు 25 నిమిషాలు, జనంలో తిప్పడానికి రెండు మైకులు.

అంతా అయ్యాక ఫైలును ల్యాప్‌టాప్‌లోంచి తీసేసి, ఎంతమంది వచ్చారో లెక్కతో పాటు పంపిణీదారుకు మర్నాడే రాసేయండి.