78 ఆర్పీఎం రికార్డుల్ని పాడుచేయకుండా కంప్యూటర్లోకి ఎక్కించడం

ఇంట్లో పాత గ్రామఫోన్ ప్లేట్లు బయటపడగానే చాలామంది రెండు పనులు చేస్తారు: స్పిరిటుతో తుడుస్తారు, పక్కనే ఉన్న పాత గ్రామఫోన్ మీద పెట్టి వింటారు. రెండూ వద్దు. 78 రికార్డును, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే ఈ పాత ప్లేటును, లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవారు. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. శానిటైజర్లోనూ, ఎల్పీల (తర్వాత వచ్చిన వినైల్ రికార్డుల) కోసం అమ్మే కొన్ని ద్రావకాల్లోనూ ఉండేది ఆల్కహాలే. ఇక గ్రామఫోన్ మీద సౌండ్‌బాక్సు బరువు నూరు గ్రాములకు పైనే సూది మొన మీద పడుతుంది. రికార్డులోని రాతిపొడి ఉక్కు సూదిని అరగదీసి గాడికి సరిపడేలా చేస్తుంది. ఆ తర్వాత పదునెక్కిన అంచులు గాడిని కోస్తాయి. ఒక్కో వైపుకి ఒక్కో కొత్త సూది వాడమనేది ఇందుకే.

కడిగే ముందు రికార్డును అంచు దగ్గరా, మధ్య రంధ్రం దగ్గరా పరిశీలించండి. పైపూత కింద లోహం మెరుస్తున్నా, లేబుల్ మీద చేతిరాత ఉన్నా, మధ్య రంధ్రం పక్కన అదనపు రంధ్రాలున్నా అది స్టూడియోలో అప్పటికప్పుడు కోసిన లాకర్ డిస్కు కావచ్చు. దాని పూత పగులుతుంటే నీళ్లు తగలనివ్వకండి, అనుభవజ్ఞులకు అప్పగించండి. బూజు పట్టిన రికార్డుల్ని మాస్కు పెట్టుకుని, ఆరుబయట, మెత్తటి పొడి బ్రష్షుతో ముందు దులపండి.

మామూలు లక్క రికార్డుకి లీటరు డిస్టిల్డ్ వాటర్లో రెండు మూడు చుక్కల రంగూ వాసనా లేని లిక్విడ్ సోపు చాలు. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ పనికొస్తుంది, పక్కనే అమ్మే ఆసిడ్ సీసా మాత్రం తెచ్చుకోకండి. కుళాయి నీళ్లలోని ఉప్పు ఆరాక గాడిలో తెల్లగా మిగులుతుంది. లేబుల్ మీద నీరు పడకుండా, గాడి వెంటే గుండ్రంగా బ్రష్షు తిప్పండి, అడ్డంగా కాదు. శుద్ధమైన డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడిగి, నూగు రాలని గుడ్డతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. మెరుపు కోసం నూనె రాస్తే దుమ్ము అంటుకుని గాడి పూడుకుపోతుంది.

ఇప్పుడు సూది సంగతి. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఎల్పీ సూది మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78కి కావలసింది 65 నుంచి 76. సన్నటి ఎల్పీ సూది గాడి అడుగుకి దిగి దుమ్ములో దొర్లుతుంది, గరగర తప్ప పాట సరిగా రాదు. ఆడియో టెక్నికా వీఎం95ఎస్పీ లాంటి 78 సూది ఉన్న కార్ట్రిడ్జి (టర్న్‌టేబుల్ చేతి చివర సూదిని పట్టి ఉంచి, దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) తెచ్చుకోండి, దానికి 5 గ్రాముల బరువు పెట్టాలి. బరువు తక్కువైతే సూది గాడి గోడల మధ్య ఎగురుతుంది, దానివల్లే అరుగుదల ఎక్కువ. ఆర్కైవుల్లో 2.0 నుంచి 4.0 మిల్ (ఒక మిల్ అంటే సుమారు 25 మైక్రాన్లు) వరకు వేర్వేరు మొనలు ఉంచుకోవడానికి కారణం, పాత ఉక్కు సూది అరగదీసిన చోటికి పైనో కిందో ఇంకా చెడని గోడ దొరకవచ్చని.

వేగానికి 77 గీతల స్ట్రోబ్ చక్రం తీసుకోండి. మన 50 హెర్ట్జ్ కరెంటు వెలుతురులో గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే వేగం 77.92. ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావాటి కింద ఇది సరిగా కనిపించదు, పాత చోక్ ట్యూబ్‌లైట్ వాడండి. 1925కి ముందు, మైకు లేకుండా కొమ్ములోకి పాడించిన రోజుల్లో రికార్డులు 70 నుంచి 82 దాకా ఎంతైనా ఉంటాయి. నాటక పద్యమైతే వెనక హార్మోనియం ఆసరా: వేగంలో 6 శాతం తేడా అంటే దాదాపు అర్ధస్వరం తేడా. అయితే ప్రతి హార్మోనియం ఒకే శ్రుతికి ఉండదు, కాబట్టి గొంతు సహజంగా ఉందో లేదో కూడా వినండి.

78 లేని టర్న్‌టేబుల్ అయితే 45 మీద తిప్పి, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వేగం మార్చే ఎఫెక్టు వాడవచ్చు. అయితే ప్రీయాంప్ (కార్ట్రిడ్జి నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే పరికరం) ఆర్‌ఐఏఏ సవరణ, అంటే ఎల్పీల కోసం బాస్ పెంచి కీచు తగ్గించే సర్దుబాటు, చేయకుండా ఫ్లాట్‌గా ఉంటేనే, లేకపోతే సవరణ తప్పు పౌనఃపున్యాల మీద పడుతుంది. నిజానికి మామూలు వేగంలోనూ ఫ్లాట్ ప్రీయాంపే మేలు. ఆర్‌ఐఏఏ వచ్చింది 1954లో, అది పాత 78కి వర్తించదు. మైకు వచ్చాక చేసిన హెచ్‌ఎంవీ రికార్డులకు 250 హెర్ట్జ్ నుంచి కిందికి బాస్ పెంచితే చాలావరకు సరిపోతుంది, కొమ్ము రికార్డులకు ఆ సవరణ ఉండదు. మన దేశంలో 1960ల్లోనూ 78లు అచ్చు వేశారు, బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78లపై వచ్చాయి. ఆ చివరి దశ రికార్డులకు ఆర్‌ఐఏఏ పెట్టి చెవితో సరిచూడండి.

రికార్డింగు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో వేవ్ (WAV) ఫైలుగా చేయండి. మూడున్నర నిమిషాలకు 120 మెగాబైట్ల పైచిలుకు అవుతుంది. ఎంపీ3లో మూల ప్రతి పెట్టకండి. గొంతు శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచండి, ఎందుకంటే టిక్కుమనే చప్పుళ్లు అంతకన్నా చాలా పైకి లేస్తాయి. అవి పైన కత్తిరించుకుపోతే క్లిక్కులు తీసే సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తించలేదు.

పాట మోనోయే అయినా రెండు ఛానెళ్లు దాచుకోండి. ఒకవైపు గోడ అరిగితే రెండోది బాగుండవచ్చు. రెండూ కలిపితే సూది పైకీ కిందకీ కదలడం వల్ల వచ్చే రొద చాలావరకు రద్దవుతుంది. కలిపాక పాట మాయమై రొద మాత్రమే మిగిలితే కార్ట్రిడ్జి దగ్గర ఒక ఛానెల్ వైర్లు తిరగబడ్డాయని అర్థం. శుభ్రపరచడం ఎప్పుడూ నకలు మీదే: ముందు క్లిక్కులు, తర్వాత పైన చెప్పిన బాస్ సవరణ, చివర్లో కొద్దిగా హిస్ (సుయ్‌మనే నేపథ్య రొద) తగ్గింపు. సవరణ ముందు చేస్తే ప్రతి టిక్కూ సాగి మెత్తబడుతుంది, ఆ తర్వాత పట్టుకోవడం కష్టం. హిస్ మొత్తం తీసేయాలనుకుంటే ఈలల్లాంటి నీటి శబ్దం వస్తుంది, పద్యంలోని శషసలు పోతాయి.

రంధ్రం పక్కకి జరిగి ఉంటే పాట ఊగుతుంది. రికార్డు కొద్దిగా జరిపి సూది చేయి అటూ ఇటూ కదలకుండా చూడండి. నిమిషానికి 78 సార్లు టిక్కుమంటే పగులు ఉన్నట్టు. అంచులు సమంగా ఉంటే వాయించవచ్చు, మెట్టు కనిపిస్తే ఆపండి. వంకర పోయిన రికార్డును హెయిర్ డ్రయ్యరుతో సరిచేయబోకండి, అది విరుగుతుంది లేదా గాడి సాగుతుంది.

ఫైలు పేరులో కేటలాగు నంబరు, లేబుల్ దగ్గర గాడి లేని చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు, ఏ వైపో రాయండి. వాడిన సూది, వేగం వేరే పత్రంలో. లేబుల్ ఫొటో కూడా తీయండి. నెట్‌లో పెట్టేటట్టయితే మన చట్టంలో సౌండ్ రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు; రచయిత, స్వరకర్తల హక్కులు విడిగా లెక్కించాలి. రికార్డుల్ని వేసవిలో కాలే అటక మీద గానీ, ఒకదాని మీద ఒకటి పేర్చి గానీ ఉంచకుండా, కాగితం కవర్లలో నిటారుగా నిలబెట్టండి.