సెల్లార్‌లో "మీ కారే గీసింది" అని పట్టుకుంటే ఏం చేయాలి?

ఆదివారం పొద్దున్నే వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో పిలుస్తాడు, "సార్, ఒకసారి కిందికి రండి, పక్క పార్కింగ్ సార్ రమ్మంటున్నారు" అని. వెళ్తే ఆయన కారు వెనక డోరు మీద జానెడు గీత, చుట్టూ నలుగురు జనం, మీ బంపర్ వైపు చూపిస్తున్న ఒక వేలు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో, రెండు పిల్లర్ల మధ్య మూడు కార్లు ఇరికించే సెల్లార్లలో, ఇది ఎప్పుడో ఒకప్పుడు అందరికీ ఎదురయ్యేదే. నాకు రెండేళ్ల కింద ఎదురైంది.

ముందు నోరు కట్టుకోండి. "అయ్యో సారీ అండి, ఎంతైతే అంత ఇచ్చేస్తా" అనొద్దు, "నాకు సంబంధం లేదు, నా కారు కదల్లేదు" అని కూడా అనొద్దు. నేను ఆ రెండో మాటే అన్నాను. నిన్న సాయంత్రం నుంచి కారు తియ్యలేదండీ అని నలుగురి ముందు గట్టిగా చెప్పి పైకొచ్చాక మావాడు మెల్లగా నోరు విప్పాడు, రాత్రి తొమ్మిదిన్నరకి కర్రీ పాయింట్ దాకా వేసుకెళ్లాడట. నాలుగు అడుగులేస్తే వచ్చే కర్రీ పాయింట్‌కి కారు! ఇక ఆ తర్వాత నేనేం చెప్పినా ఆయనకి అబద్ధంలాగే వినిపించింది. కాబట్టి "ఐదు నిమిషాలు ఆగండి, ఇంట్లో కనుక్కుని వస్తా, ఇద్దరం కలిసి చూద్దాం" అనండి, ఆ పూటకి అది చాలు.

ఏ కారూ కదపకముందే ఫొటోలు తియ్యండి. దూరం నుంచి రెండు కార్లూ పిల్లరూ కలిపి, దగ్గర్నుంచి గీత, మీ కారు నాలుగు మూలలూ. ఆయన్నీ తీసుకోమనండి, అప్పుడు దాస్తున్నారన్న అనుమానం ఉండదు.

ఆ తర్వాత టేపు తెప్పించండి, అసలు సంగతి తేల్చేది అదే. నేల నుంచి గీత ఎంత ఎత్తులో ఉంది, మీ కారులో తగిలిందంటున్న భాగం ఎంత ఎత్తులో ఉంది, రెండూ ఆయన ముందే కొలవండి. మా కేసులో గీత 94 సెంటీమీటర్ల దగ్గర ఉంది, నా బంపర్ మూల ఎంత సాగదీసి కొలిచినా 65 దాటలేదు. మరి 94 దగ్గర ఏముంటుందని అటూ ఇటూ చూస్తే, పక్కనే నిలబెట్టిన స్కూటర్ బ్రేక్ లివర్ కొస సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది, దాని చివర కాస్త రంగు కూడా అంటుకుని ఉంది. ఆ స్కూటర్ ఎవరిదో ఇక్కడ చెప్పను, మేమింకా అదే అపార్ట్‌మెంట్‌లో ఉండాలి కదా.

ఎత్తు కలిసినంత మాత్రాన మీరే అని కూడా కాదు. కారూ కారూ రాసుకుంటే మామూలుగా ఒకదాని రంగు ఇంకోదానికి అంటుతుంది, అది చూడండి. రేకు మీది గీతలో తుప్పు కనిపిస్తే అది నిన్న రాత్రిది కాకపోవచ్చు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దాని మీద ఈ తుప్పు లెక్క పనిచేయదు.

సీసీ కెమెరా ఉంటే ఆ రోజే అడగండి. డీవీఆర్‌లో, అంటే కెమెరా రికార్డింగ్ దాచే పెట్టెలో, జాగా నిండగానే పాత రికార్డింగ్ దానంతటదే చెరిగిపోతుంది, "వచ్చే మీటింగ్‌లో చూద్దాం" అంటే అప్పటికి ఏమీ మిగలకపోవచ్చు. ఇంకోటి, డీవీఆర్ గడియారాన్ని మీ ఫోన్ టైంతో పోల్చండి. చాలాచోట్ల అది పది ఇరవై నిమిషాలు అటూ ఇటూగా ఉంటుంది, ఆ తేడాతోనే తప్పు మనిషి మీద పడతారు.

సరే, చూశాక మీరే అని తేలింది. ఒప్పేసుకోండి, సాగదీయొద్దు. గోరుతో గీత మీద అడ్డంగా రాసి చూడండి, గోరు గీతలో ఆగకపోతే చాలావరకు రబ్బింగ్ పాలిష్‌తోనే పోతుంది, ఆగితే డెంటింగ్ పెయింటింగ్ పనే. బయట షెడ్డులో ఒకటి, షోరూంలో ఒకటి, రెండు ఎస్టిమేట్లు తీయించండి. ఆ ఒక్క డోరుకే రాయించండి, ఎప్పటిదో బంపర్ సొట్ట కూడా ఇందులో కలిపేసేవాళ్లుంటారు.

"ఇన్సూరెన్స్ ఉందిగా" అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. మీ థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా కవరేజీ ఉంటుంది నిజమే, కానీ అది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దాకా వెళ్లే వ్యవహారం, డోరు గీతకి ఎవరు తిరుగుతారు? ఆయన తన సొంత పాలసీలో క్లెయిం పెట్టుకుంటే నో క్లెయిం బోనస్, అంటే క్లెయిం పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది, ఐదేళ్లు క్లెయిం లేనివాళ్లకి ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో అది 50 శాతం. పైగా 1500 సీసీ లోపు కారైతే మొదటి 1000 రూపాయలు తనే పెట్టుకోవాలి. ఆయన డబ్బే ఇమ్మని పట్టుబట్టడం వెనక ఉన్న లెక్క ఇదే, అందులో తప్పు పట్టాల్సింది లేదు. నష్టం పెద్దదైతే మాత్రం ఎంతిస్తానో మాటిచ్చే ముందే మీ ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి, వాళ్లకి తెలియకుండా తప్పు ఒప్పుకోవద్దని పాలసీ షరతుల్లోనే ఉంటుంది.

పోలీస్ కేసు పెడతానంటే టెన్షన్ పడకండి. భారతీయ న్యాయ సంహితలో ఆస్తి ధ్వంసం నేరం కావాలంటే కావాలని చేసి ఉండాలి, లేదా నష్టం జరుగుతుందని తెలిసీ చేసి ఉండాలి. రివర్స్ తీస్తూ పొరపాటున రాసుకోవడం అందులోకి రాదు. లైసెన్స్, ఆర్సీ, తాళాలు మాత్రం ఎదుటి మనిషి చేతికి ఇవ్వకండి, అడిగి చూసే అధికారం పోలీసులది.

డబ్బు ఇస్తే యూపీఐలోనే ఇవ్వండి, ఆయన దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తీసుకోండి: "ఫలానా తేదీన సెల్లార్‌లో నా కారు వెనక డోరుకి పడిన గీతకి ఇంత ముట్టింది, ఈ విషయంలో ఇంక ఇచ్చేది పుచ్చుకునేది ఏమీ లేదు." మీరు చేయలేదని నమ్ముతూనే గొడవ ఎందుకని ఇస్తున్నట్టయితే, ఆ ముక్క కూడా అందులో రాయించండి.

ఎంతకీ తెగకపోతే మీ కొలతలూ ఫొటోలూ ఆయనకి పంపి, "మీకు నచ్చినచోట చూపించండి" అని పైకి వచ్చేయండి. అపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం ఒక్క మెసేజ్ కూడా పెట్టొద్దు.