అల్యూమినియంలో సైజు తప్పుతోందా? స్టెప్స్ నంబర్ జోలికి ఆఖర్న వెళ్ళండి

చెక్క మీద చక్కగా తిరిగిన సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పిన దారిలో బిట్ తిప్పి కోసే మెషీన్) అల్యూమినియం పెట్టగానే తేడాగా చేస్తోందంటే మెషీన్ కొత్తగా పాడైందని కాదు. చెక్కలో 0.2 మిల్లీమీటర్ తేడా ఎవరికీ కనపడదు, మెటల్‌లో మాత్రం బేరింగ్ రంధ్రంలో దూరదు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి స్టెప్స్ (ఒక మిల్లీమీటర్ జరగడానికి మోటార్ వేసే అడుగుల లెక్క) మార్చేయడం. దయచేసి ఆగండి.

సైజు తప్పొస్తోంది

ఒక్క ముక్క కొలిచి ఏమీ తేల్చలేం. 20, 100 మిల్లీమీటర్ల సైజుల్లో రెండు చదరాలు బయటి అంచు వెంట కట్ చేసి వెర్నియర్‌తో కొలవండి. 20 కాస్తా 19.8, 100 కాస్తా 99 వచ్చాయంటే తేడా సైజుతోపాటు పెరుగుతోంది, అది స్టెప్స్ సమస్యే. అలా కాకుండా రెండూ సమానంగా 0.2 పెద్దగా వచ్చాయంటే స్టెప్స్‌కి సంబంధం లేదు, బిట్ అసలు వ్యాసం మీరు క్యామ్‌లో (కోత దారి తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) ఇచ్చినదానికన్నా తక్కువుంది లేదా కట్ చేసేటప్పుడు బిట్ పక్కకి వంగుతోంది. బిట్ కొలిచి అసలు నంబర్ ఇవ్వండి, 0.2 మిగిల్చి దాన్ని చివర్లో పల్చగా కోసే ఫినిషింగ్ పాస్ వేయండి, అదే పాస్ ఇంకోసారి తిప్పితే ఇంకా మంచిది.

స్టెప్స్ లెక్క చిన్నదే. మోటార్ ఒక చుట్టుకి 200 స్టెప్స్, మైక్రోస్టెప్ 8 (అంటే ఒక్కో స్టెప్ 8 ముక్కలు), స్క్రూ ఒక చుట్టుకి 8 మిల్లీమీటర్లు జరిగితే 1600 భాగించు 8, అంటే మిల్లీమీటర్‌కి 200. లీడ్ స్క్రూ అయితే ఈ లెక్కే దాదాపు కరెక్ట్, సగమో రెట్టింపో జరుగుతోందంటే మైక్రోస్టెప్ జంపర్ చూడండి. బెల్ట్ మెషీన్‌కైతే కొలిచి సవరించాలి: 80 ఉండి, 100 చెప్తే 99 జరిగిందంటే 80×100÷99, అంటే 80.81. జీఆర్‌బీఎల్‌లో (మెషీన్‌ని నడిపే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో) అది $100, $101, $102 సెట్టింగ్స్. కట్ చేసిన ముక్కతో మాత్రం సవరించకండి, ఖాళీగా జరిపి కొలవండి.

గుండ్రం గుండ్రంగా రావట్లేదు

నాలుగు వైపులా, అంటే యాక్సిస్ దిశ తిరిగే చోట, చిన్న మెట్టు గానీ చదునుగా గానీ ఉంటే బ్యాక్‌లాష్, అంటే దిశ మారినప్పుడు స్క్రూ, నట్ లాంటి చోట్ల ఉండే వదులు (ఆట). కోడిగుడ్డులా 45 డిగ్రీల వాలుగా ఉంటే ఎక్స్, వై లంబంగా లేవు, 300, 400 దూరాల్లో గుర్తులు పెట్టి ఐమూల 500 వస్తుందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

బ్యాక్‌లాష్ కొలవడానికి 0.01 మిల్లీమీటర్ వరకు చూపే డయల్ గేజ్ కావాలి (బెడ్ అల్యూమినియందైతే మాగ్నెటిక్ స్టాండ్ అంటుకోదు, ఇనప ముక్క బిగించి దాని మీద పెట్టండి). ఒక వైపుకి కొంచెం జరిపి గేజ్ సున్నా చేసి, అదే వైపుకి ఇంకో 5 జరిపి 5 వెనక్కి రప్పించండి, సున్నాకి ఎంత తక్కువొస్తే అంత బ్యాక్‌లాష్. నా మెషీన్‌లో 0.15 వచ్చింది, నట్ అరిగిందనుకుని కొత్తది వేసినా తగ్గలేదు, చివరికి చూస్తే కప్లర్ (మోటార్‌ని స్క్రూకి కలిపే ముక్క) బిగించే చిన్న గ్రబ్ స్క్రూ వదులుగా ఉంది, బిగిస్తే 0.04కి దిగింది. కాబట్టి ముందు గ్రబ్ స్క్రూలు, తర్వాత స్క్రూ చివర బేరింగ్ ఆట, ఆ తర్వాతే నట్. సాఫ్ట్‌వేర్‌లో కాంపెన్సేషన్ (ఆ తేడా కలిపి జరపడం) పెడదామంటే కట్ చేసేటప్పుడు బిట్టే ఆ ఆటలో మెషీన్ని లాగేస్తుంది, ఉపయోగం తక్కువ.

కీచుమని అరుపు, బిట్‌కి లోహం అతుక్కుంటోంది

భయపడి ఫీడ్ (బిట్ ముందుకు జరిగే వేగం) తగ్గించేయడమే ఎక్కువసార్లు కారణం. బిట్ కోయకుండా రాస్తూ ఉంటుంది, వేడెక్కి అల్యూమినియం దానికే అంటుకుంటుంది. ఆర్‌పీఎం, ఫ్లూట్లు (బిట్ పళ్ళు), ఒక్కో పంటికి కోత, ఈ మూడూ గుణిస్తే ఫీడ్: 12000×1×0.025 అంటే నిమిషానికి 300 మిల్లీమీటర్లు. సింగిల్ ఫ్లూట్ 3 మిల్లీమీటర్ బిట్, పాస్‌కి 0.2 లోతుతో మొదలెట్టండి, ఫీడ్ పెంచడం మీ మెషీన్ తరం కాకపోతే ఆర్‌పీఎం తగ్గించండి. చిప్స్ గాలితో ఎప్పటికప్పుడు ఊదేయాలి, కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి. 1100 లాంటి మెత్తటి గ్రేడ్ జిగురులా సాగుతుంది, 6061 తెచ్చుకుంటే సగం బాధ పోతుంది.

మధ్యలో పొజిషన్ జరిగిపోతోంది

అదే ప్రోగ్రాం గాల్లో తిప్పి సున్నాకి రప్పించి గేజ్ చూడండి. గాల్లోనే తప్పితే యాక్సిలరేషన్ (జీఆర్‌బీఎల్‌లో $120 నుంచి $122) తగ్గించండి, డ్రైవర్ కరెంట్, వేడి కూడా చూడండి. గాల్లో బాగుండి కోతలో తప్పితే లోతు ఎక్కువైంది, లేదా స్క్రూలో రజను ఇరుక్కుంది.