చెరువు మట్టాల గ్రాఫులకు ఏ వెబ్ ఫ్రేమ్‌వర్క్? ఎలా ఎంచుకోవాలి?

పైథాన్‌లో విశ్లేషణ చేయడం, నోట్‌బుక్‌లో గ్రాఫులు గీయడం చాలామందికి వచ్చు. "ఇది నా ఫోన్‌లో కూడా కనబడేలా పెట్టగలరా?" అని ఎవరైనా అడిగాకే చిక్కు మొదలవుతుంది. వెబ్ పేజీ కట్టడానికి కావాల్సిన సరంజామాను ముందే అమర్చి ఇచ్చేవే ఫ్రేమ్‌వర్క్‌లు. జాంగోనా, ఫ్లాస్కా, స్ట్రీమ్‌లిట్టా, డాషా? పేర్లు పట్టుకుని కూర్చుంటే ఎప్పటికీ తేలదు. చూసేవాళ్లు ఒక బటన్ నొక్కితే ఏం జరగాలో ముందు తేల్చుకోండి. సగం పేర్లు వాటంతటవే జారిపోతాయి.

ఉదాహరణకు చెన్నైకి తాగునీరిచ్చే చెరువులను తీసుకుందాం: పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం. వీటి మట్టాలను చెన్నై నీటి సరఫరా సంస్థ మెట్రోవాటర్ రోజూ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. పూండికి వచ్చే కృష్ణా నీళ్లు మన కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చేవే. అందుకే చెన్నైలోని తెలుగువాళ్లు ఈ అంకెలను కాస్త మమకారంతోనే చూస్తారు.

1. ఎవరు చూస్తారో రాసుకోండి

ఒక్క వాక్యం చాలు: "మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు ఒక చెరువును ఎంచుకుని, ఈ ఏడాది మట్టాన్ని 2019తో పోల్చి చూస్తారు." 2019 జూన్‌లో చెరువులు అడుగంటి ఊరంతా ట్యాంకర్ల కోసం బారులు తీరింది. ఆ ఏడాదితో పోలిక అడగనివాళ్లు ఉండరు.

ఆ వాక్యంలో లాగిన్ లేదు, ఎవరూ ఏదీ రాసి దాచుకునేదీ లేదు. జాంగోకు అసలు బలం యూజర్ ఖాతాలు, అడ్మిన్ పేజీ, డేటాబేస్ పట్టికలు. వాటితో ఇక్కడ పని లేదు కాబట్టి జాంగోను పక్కన పెట్టేయొచ్చు.

2. డేటా ఎంతో లెక్కేయండి

నాలుగు చెరువులు, రోజుకో అంకె, 20 ఏళ్లు: సుమారు 29 వేల వరుసలు. పట్టికల డేటాను నడిపే పైథాన్ లైబ్రరీ పాండాస్‌కు ఇదొక లెక్కే కాదు. డేటాబేస్ అక్కర్లేదు, ఒక ఫైలు సరిపోతుంది.

నిమిషానికో రీడింగ్ పంపే సెన్సర్ అయితే వేరే సంగతి. ఒక్కో సెన్సర్‌కే ఏడాదికి 5 లక్షల వరుసలు దాటతాయి. అప్పుడు చుక్కలన్నీ బ్రౌజర్‌కు పంపకుండా, సర్వర్‌లోనే గంటకో రోజుకో సగటు తీసి పంపాలి. ఏ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకున్నా ఈ పని తప్పదు.

3. లెక్కలను వేరే ఫైలులో పెట్టండి

ఫ్రేమ్‌వర్క్‌ను ఇన్‌స్టాల్ చేయకముందే ఇది చేయండి. డేటా తీసుకుని గ్రాఫ్ తిరిగిచ్చే ఫంక్షన్లు ఒక మామూలు పైథాన్ ఫైలులో ఉండాలి. ఆ ఫైలులో వెబ్ మాటే రాకూడదు.

చెరువుల విషయంలో అసలు తెలివి చూపించాల్సింది కూడా ఇక్కడే. చెన్నైకి ప్రధానమైన వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. గ్రాఫ్‌ను జనవరితో మొదలుపెడితే, నిండే కాలం ఒక గీతలో, ఆ నీళ్లు వాడుకునే కాలం మరో గీతలో పడి పోలిక చెడుతుంది. అక్టోబర్‌తో మొదలుపెట్టండి. నాలుగు చెరువుల పూర్తి సామర్థ్యం 11,257 మిలియన్ ఘనపుటడుగులు, అంటే సుమారు 11.26 టీఎంసీలు. మీ మొత్తం దీన్ని బాగా దాటిపోతుంటే యూనిట్లు ఎక్కడో తారుమారయ్యాయని అర్థం.

4. నొక్కితే ఏం జరుగుతుందో చూడండి

స్ట్రీమ్‌లిట్‌లో చెరువు పేరు మార్చిన ప్రతిసారీ స్క్రిప్టు మొత్తం పైనుంచి కిందికి మళ్లీ నడుస్తుంది. రాయడం అంత తేలిక కావడానికి కారణం అదే, పెద్ద డేటాతో నత్తనడక నడవడానికీ కారణం అదే. ఫైలు చదివే ఫంక్షన్‌కు క్యాష్ (ఒకసారి చదివినదాన్ని దాచి మళ్లీ వాడుకునే ఏర్పాటు) తగిలిస్తే ఆ బరువు చాలావరకు తగ్గుతుంది.

డాష్ 2017లో వచ్చింది. తయారుచేసింది ప్లాట్లీ కంపెనీ, లోపల ఉన్నది ఫ్లాస్క్. ఇందులో ఏది మారితే ఏది మారాలో కాల్‌బ్యాక్‌లుగా, అంటే మార్పు రాగానే నడిచే ఫంక్షన్లుగా, మీరే రాయాలి. కోడ్ పెరుగుతుంది. కానీ ఒక గ్రాఫ్‌లో నెలను నొక్కితే మిగతా మూడు గ్రాఫులూ ఆ నెలకు మారాలంటే డాష్‌లోనే హాయి. ఒక జాగ్రత్త: ఒకరు ఎంచుకున్నదాన్ని గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టకండి, అది పక్కవాళ్ల తెర మీద తేలుతుంది.

షైనీ అనే మరో ఫ్రేమ్‌వర్క్ 2012 నుంచి ఆర్ భాషలో ఉంది, పైథాన్‌కు 2022లో వచ్చింది. ఏది దేని మీద ఆధారపడిందో అదే కనిపెట్టి, అవసరమైనంతే మళ్లీ లెక్కిస్తుంది. ఆర్‌లో అలవాటున్నవాళ్లు ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. నోట్‌బుక్‌లో బోకే లైబ్రరీతో గ్రాఫులు ఇప్పటికే గీసి ఉంటే ప్యానెల్ అనే ఫ్రేమ్‌వర్క్ చూడండి.

మన చెరువులకు నా ఓటు స్ట్రీమ్‌లిట్‌కే. గ్రాఫులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సి వస్తే డాష్.

5. గీసే లైబ్రరీ

ఫోన్‌లో వేలితో జూమ్ చేయాలంటే ప్లాట్లీ లేదా బోకే. మ్యాట్‌ప్లాట్‌లిబ్ పంపేది మామూలుగా కదలని బొమ్మే. దాన్నే వాడతానంటే సర్వర్‌లో అందులోని పైప్లాట్ మాడ్యూల్ జోలికి పోకండి. గీసిన బొమ్మలను మూసేయకపోతే అది మెమరీలో అలాగే పట్టుకుని ఉంటుంది. ఫిగర్ క్లాస్‌ను నేరుగా వాడితే ఆ గొడవ ఉండదు.

6. జాంగో, ఫ్లాస్క్ ఎప్పుడు?

ఇప్పటికే ఒక వెబ్‌సైట్ నడుస్తూ, అందులో ఒక గ్రాఫ్ మాత్రమే చేర్చాలన్నప్పుడు. గ్రాఫ్‌ను జేసన్‌గా (డేటాను పంపే టెక్స్ట్ రూపంలో) పంపి, బ్రౌజర్‌లో ప్లాట్లీ జావాస్క్రిప్ట్‌తో గీయించండి. అంతకుమించి పెద్ద పనేమీ లేదు.

7. చూసేవాళ్ల దగ్గరే పరీక్షించండి

మిగిలిన రెండు పేర్లు స్ట్రీమ్‌లిట్, డాష్‌లతో ఒకే పేజీని కట్టి, ఒకేసారి ఇద్దరి ఫోన్లలో తెరవండి. తరవాత దాన్ని నిజంగా వాడే చోటికి తీసుకెళ్లండి. స్ట్రీమ్‌లిట్ వెబ్‌సాకెట్ మీద, అంటే బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచే ఉండే కనెక్షన్ మీద, నడుస్తుంది. దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను పెట్టుకుంటే దానికి ఆ సంగతి సెట్టింగుల్లో చెప్పాలి. చెన్నై ఓఎంఆర్ రోడ్డు మీది ఐటీ ఆఫీసులో వాడేదైతే, అక్కడి ప్రాక్సీ (ఆఫీసు నెట్ అంతా దాటి వెళ్లే మధ్యవర్తి సర్వర్) వెబ్‌సాకెట్‌ను ఆపేస్తుందేమో ముందే చూసుకోండి. ఆపేస్తే పేజీ తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంటుంది. మామూలు హెచ్‌టీటీపీతో నడిచే డాష్‌కు ఆ ఇబ్బంది రాదు. నెట్‌వర్క్ వాళ్ల అనుమతి కోసం మెయిళ్లు పెట్టి ఎదురుచూసేకంటే, పైపొరను డాష్‌లో తిరగరాయడమే త్వరగా తెమిలే పని. మూడో మెట్టులో వేరుచేసిన ఫైలును ముట్టుకోనక్కర్లేదు.