పాత బైకు మొరాయిస్తోందా? ప్లగ్గు కరెంటు, బ్యాటరీ చార్జింగ్ ఇంట్లోనే చెక్ చేసుకోవడం ఎలా?

తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద పాత స్ప్లెండర్లు, ఆర్‌ఎక్స్ 100లు, పాయింట్ల (స్పార్క్ కోసం కాయిల్ కరెంటును తెంచే చిన్న స్విచ్చు) కాలం నాటి బుల్లెట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వీటిలో ఏదైనా పొద్దున్నే స్టార్ట్ కాకపోతే చాలామంది ముందు కొత్త బ్యాటరీ కొంటారు. దాంతో కుదరకపోతే సీడీఐ (స్పార్క్ ఎప్పుడు రావాలో చూసే ఎలక్ట్రానిక్ డబ్బా) మారుస్తారు, ఆ తర్వాత కాయిల్ (స్పార్క్‌కి సరిపడా వోల్టేజీ పెంచేది). అంత ఖర్చూ అయ్యాక చూస్తే ఎక్కడో ఒక ఎర్తు వైరు తుప్పు పట్టి ఉంటుంది. పాత బండికి జబ్బు ఎక్కువగా వైర్లు, కనెక్టర్లు, స్విచ్చుల దగ్గరే మొదలవుతుంది. అందుకే వెతకడం కూడా అక్కడే మొదలుపెట్టాలి.

కావాల్సినవి తక్కువే: ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, ప్లగ్గు స్పానర్, స్క్రూడ్రైవర్, సన్న ఎమెరీ కాగితం, పని చేస్తుందని తెలిసిన ఇంకో ప్లగ్గు. పాయింట్ల బండి అయితే ఫీలర్ గేజ్ (సన్న సందు కొలిచే రేకులు) కూడా.

ముందు మీ బండి ఏ రకమో చూడండి

పాత స్ప్లెండర్, ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లలో ప్లగ్గు కరెంటుకు బ్యాటరీతో పని లేదు. మాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించేది) లోపలి కాయిల్ నేరుగా సీడీఐకి కరెంటు ఇస్తుంది. బ్యాటరీ ఊడదీసినా కిక్కుకు స్టార్ట్ కావాల్సిందే. కాబట్టి ఈ బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీని తిట్టుకోవడం దండగ.

పాత బుల్లెట్ సంగతి వేరు. అందులో బ్యాటరీ కరెంటే తాళం గుండా కాయిల్‌కి, పాయింట్లకి వెళ్తుంది. బ్యాటరీ పడిపోతే స్పార్క్ కూడా పడిపోతుంది. అంటే చార్జింగ్ సమస్యే కొన్నాళ్లకు స్టార్టింగ్ సమస్యగా మారుతుంది.

స్పార్క్ వస్తోందా?

ప్లగ్గు విప్పి దాని మొహం చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే బాగుంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, లేదా స్పార్క్ బలహీనంగా ఉంది. జిడ్డుగా ఉంటే ఆర్‌ఎక్స్‌లో టూటీ ఆయిల్ (పెట్రోల్‌తో కలిసి కాలే ఆయిల్) మోతాదు చూసుకోండి. స్ప్లెండర్‌లో అదే కనిపిస్తే ఆయిల్ ఇంజన్ లోపల కాలుతోందన్నమాట, దానికి కరెంటు వైద్యం పనిచేయదు.

ఇప్పుడు పని చేసే ప్లగ్గును ప్లగ్గు వైరు చివరి క్యాప్‌లో పెట్టి, దాని లోహపు భాగాన్ని ఇంజన్ హెడ్‌కి గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టండి, అక్కడి నుంచి పెట్రోల్ ఆవిరి ఎగజిమ్ముతుంది. చేత్తో లోహాన్ని పట్టుకోవద్దు, షాక్ గట్టిగానే కొడుతుంది. ఇంకో మాట: సీడీఐ బండిలో క్యాప్‌ను ఎర్తు చేయకుండా గాలిలో వదిలేసి కిక్కులు కొట్టకండి, కాయిలో సీడీఐయో పోతుంది. నీలంగా, చిటపటమంటూ స్పార్క్ వస్తే మంచిది. పసుపుగా, నీరసంగా వస్తే బలహీనం.

స్పార్క్ అసలు లేకపోతే ముందు క్యాప్ తిప్పి ఊడదీసి, వైరు కొసను అర సెంటీమీటరు కోసి, రాగి తీగ మధ్యలో దిగేలా మళ్లీ బిగించండి. చాలా బండ్లు ఇక్కడే బాగుపడతాయి.

అప్పటికీ రాకపోతే తాళం, స్విచ్చు వంతు. మాగ్నెట్ కరెంటుతో నడిచే సీడీఐ బండిలో తాళం ఆఫ్ చేయడమంటే సీడీఐ నుంచి వచ్చే ఒక వైరును ఎర్తుకు కలపడమే. హోండా, యమహా బండ్లలో అది సాధారణంగా నలుపు మీద తెల్ల చార ఉన్న వైరు. ఆ ఒక్క వైరు కనెక్టర్‌ను విడదీసి కిక్ కొట్టండి. స్పార్క్ వచ్చిందంటే సీడీఐ, కాయిళ్లు అన్నీ బాగున్నట్టే. తాళం లోపలో, హ్యాండిల్ దగ్గర నలిగిన వైరులోనో షార్ట్ ఉంది. అయితే అలా స్టార్ట్ చేసిన బండి తాళంతో ఆగదు. గేరు వేసి, బ్రేకు తొక్కి, క్లచ్ మెల్లగా వదిలి ఆపాలి. బుల్లెట్‌లో ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ తాళమే కరెంటు ఇవ్వాలి.

పాయింట్ల బుల్లెట్‌లో గ్యాప్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఎమెరీతో తేలికగా రుద్ది, పెట్రోల్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. తెరుచుకున్నప్పుడల్లా పాయింట్ల మధ్యే పెద్ద మెరుపు వస్తుంటే, కొత్త పాయింట్లు కూడా త్వరగా కాలిపోతుంటే, ఆ మెరుపును అణచాల్సిన కండెన్సర్ పోయింది.

వేడెక్కితే ఆగి, చల్లారితే నడుస్తోందా?

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే బండి ఆగిపోతుంది. కాసేపు నీడలో పెడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మెకానిక్ షాపు చేరేసరికి బండి చల్లారి ఉంటుంది, అక్కడ అంతా బాగుంటుంది. అందుకే పరీక్ష ఆగిన చోటే, ఆగిన వెంటనే జరగాలి. ప్లగ్గు స్పానర్ బండిలోనే పెట్టుకోండి.

ముందు పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. లక్షణాలన్నీ కాయిల్ పోయినట్టే ఉంటాయి కానీ దోషం మూతది. దీన్ని చూడకుండా కాయిల్ మార్చిన వాళ్లు తక్కువేమీ కాదు. మూత బాగానే ఉండి, వేడి మీద స్పార్క్ లేదంటే మాగ్నెట్ లోపలి కాయిళ్లనో, హెచ్‌టీ కాయిల్‌నో (ప్లగ్గు వైరు వచ్చే కాయిల్) అనుమానించాలి. వేడికి తీగ చుట్టు విడిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. వేడి మీద, చల్లగా ఉన్నప్పుడు రెండుసార్లు ఓమ్స్ (తీగ నిరోధం) కొలవండి. వేడి మీద ఏ కాయిల్‌లో తీగ తెగినట్టు చూపిస్తే దొంగ అదే.

మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ రోజుల్లో ఆగే బండిని రాత్రి చీకట్లో చూడండి. ప్లగ్గు వైరు మీద నీలి మెరుపులు పాకుతుంటే వైరు, క్యాప్ రెండూ మార్చేయండి.

ఇక చార్జింగ్

బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ వోల్టేజీ కొలవండి. 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.0కి దిగితే దాదాపు ఖాళీ. తర్వాత స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ కొంచెం పెంచి మళ్లీ చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగుంది, బ్యాటరీ నిలవకపోతే తప్పు ఎక్కువగా బ్యాటరీదే. 15 దాటితే వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది. బల్బులు మాటిమాటికీ ఎగిరిపోవడం కూడా దాని గుర్తే. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి చూసే పాత అలవాటు మాత్రం మానేయండి, బల్బులు కాలిపోతాయి.

స్టార్ట్ చేశాక కూడా వోల్టేజీ ఆగి ఉన్నప్పటి కంటే అస్సలు పెరగకపోతే వరుసగా ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు, రెక్టిఫయర్ (మాగ్నెట్ ఏసీని బ్యాటరీకి డీసీగా మార్చేది) కనెక్టర్ చూడండి. కనెక్టర్‌లో పచ్చగా పాచిలా పట్టినా, కాలి గోధుమ రంగుకు మారినా అక్కడే కరెంటు పోతోంది. రెక్టిఫయర్ బోల్టు విప్పి, ఛాసిస్ మీద రంగు, తుప్పు గీకి బిగించండి. బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య మీటర్ పెడితే, బండి నడుస్తున్నప్పుడు సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు చూపించినా ఎర్తు సరిగా లేనట్టే.

ఇవన్నీ బాగుంటే మాగ్నెట్ నుంచి వచ్చే వైర్లు విడదీసి ఏసీ వోల్టేజీ కొలవండి. ఇంజన్ వేగంతో పాటు అది పెరగాలి. ఒకే తీరు పసుపు వైర్లు మూడు ఉన్న బండిలో ఏ రెండింటి మధ్య చూసినా సమానంగా ఉండాలి, ఏదీ ఎర్తుకు కలవకూడదు. పాత స్ప్లెండర్‌లో మాత్రం కాయిల్ ఒక కొస ఎర్తుకే ఉంటుంది, అది చూసి షార్ట్ అనుకోకండి. ఆ బండిలో హెడ్‌లైట్ కూడా నేరుగా మాగ్నెట్ మీదే వెలుగుతుంది. ఐడ్లింగ్‌లో మసకబారడం రోగం కాదు.

తాళం తీసేసి పెట్టిన బండిలో బ్యాటరీ దిగిపోతుంటే తర్వాత తగిలించిన ఎల్‌ఈడీలు, మొబైల్ చార్జరు, పెద్ద హారన్ ఒక్కొక్కటే విడదీసి చూడండి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు వద్దు. అమరాన్ బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న కరకంబాడి మనకు పక్కనే అయినా, చార్జింగ్ బాగుచేయకుండా ఎంత కొత్త బ్యాటరీ పెట్టినా దిగిపోతుంది.

మాగ్నెట్ విప్పాల్సి వస్తే దాన్ని లాగి తీసే పుల్లర్ ఉన్న షాపుకే వెళ్లండి. సుత్తితో కొడితే మాగ్నెట్ పగలొచ్చు, క్రాంక్ దెబ్బతినొచ్చు. మీరు కొలిచిన వోల్టేజీలు, ఓమ్స్ చీటీ మీద రాసి మెకానిక్ అన్న చేతికివ్వండి. కాయిల్ రీవైండింగ్ చేయించినా, కొత్తది వేయించినా బండి తీసుకునే ముందు అక్కడే మీటర్ పెట్టి 13.5 దాటుతోందో లేదో చూసుకోండి.